ఖాళీ కుర్చీని అడిగిన ప్రశ్న

హాస్టలు గది, మూడో అంతస్తు
ఆదివారం

అత్తయ్యకి,

నీ వసపిట్ట నమస్కారాలు. క్షేమమా అని అడగను. అడిగితే క్షేమమని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావు, నాకేమీ తెలియదు. గొంతు ఎలా ఉందో సరిగ్గా రాయి. ఆపరేషన్ అయ్యాక నువ్వు మాట్లాడితే తుప్పు పట్టిన తలుపు చప్పుడు వస్తోందని, అందుకే ఫోన్ ఎత్తడం మానేశావని నాన్న చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు రేడియోలో వార్తలు చదివిన మనిషికి ఆ మాత్రం పౌరుషం ఉండదా అని నవ్వాడు కూడా. సరే, నీ కోసం ఉత్తరాలు రాయడం నేర్చుకుంటాను. తప్పులుంటే మాత్రం ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపకు.

ఇక్కడ ఒళ్ళు హూనమైపోతోంది. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి ఛానెల్‌లో పని నేర్చుకోవడం. మా న్యూస్‌రూమ్ మెట్ల కింద ఉంటుంది. పైన ఎవరు నడిచినా మా నెత్తి మీద నడిచినట్టే. బులెటిన్ ఇన్‌ఛార్జిని మేమంతా గడియారం అంటాం, ఎందుకంటే ఆయన మనుషులతో కూడా సెకన్లలోనే మాట్లాడతాడు. నిన్న నేను జ్వరమని సెలవడిగితే, "పది సెకన్లలో చెప్పు" అన్నాడు. చెప్పేలోపే పది అయిపోయాయి.

ఈ వారం రివర్స్ నేర్చుకున్నాం. నీకు తెలియదేమో, రేడియోలో అక్కర్లేదు కదా. మేం ఒక్క కెమెరాతోనే వెళ్తాం. అది మొత్తం సేపూ జవాబు చెప్పే మనిషి మొహం మీదే ఉంటుంది. అతను లేచి వెళ్ళిపోయాక కెమెరాని ఇటు తిప్పుతారు. నేను అవే ప్రశ్నలు మళ్ళీ ఖాళీ కుర్చీని అడగాలి, మధ్యమధ్య విన్నట్టు తలూపాలి. రెండూ కలిపి అతికిస్తే ఇద్దరం ఎదురెదురుగా మాట్లాడుకున్నట్టే వస్తుంది. మొదటిసారి ఆ కుర్చీ మీద ఎవరిదో కోటు వేలాడుతోంది. దాన్ని "మీ బాధ అర్థమైంది" అని ఓదార్చేసరికి నాకు నవ్వాగలేదు. కెమెరా అన్న కూడా నవ్వాడు. గడియారం నవ్వలేదు.

ఇంకో పని. వృత్తిలో నిజాయితీ అని మాకొక క్లాసుంది. మీకు తెలిసిన ఒక మనిషి గురించి రాయమన్నారు మాస్టారు. నీ గురించే రాస్తానని చెప్పేశాను. తప్పుడు వార్త చదవనని కాగితం బల్ల మీద పెట్టి, స్టూడియోలోంచి లేచి వచ్చేసిన మా అత్తయ్య అని. చిన్నప్పటి నుంచి నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. నేనీ చదువులోకి వచ్చిందే దాని వల్ల. కానీ ఆ వార్త ఏమిటో నాన్నకి తెలియదట. వివరంగా రాయి.

నీ వసపిట్ట

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
గురువారం

వసపిట్టా,

గొంతు సంగతి. మొన్న పోస్టుమాన్ తలుపు తడితే లోపలి నుంచి "ఎవరూ" అన్నాను. "సార్, ఉత్తరం" అన్నాడు. ఇంతకంటే వివరం అక్కర్లేదనుకుంటాను.

నీ ఉత్తరంలో తప్పులు ఏడు. దిద్దలేదు, లెక్క మాత్రం పెట్టాను.

ఖాళీ కుర్చీతో మాట్లాడటం నాకేమీ వింత కాదు. మేం ముప్ఫై ఏళ్ళు గోడతో మాట్లాడాం. కానీ నువ్వు చెప్పిన ఆ రివర్స్ నాకు నచ్చలేదు. ఎదుట మనిషి ఉన్నప్పుడు అడిగినదానికీ, లేనప్పుడు అడిగినదానికీ తేడా వస్తుంది. ఒక్క మాట వినిపించుకో. జ్ఞాపకాన్ని నమ్మకు. అలిసిపోయిన బుర్ర తనకు తోచింది కల్పిస్తుంది. ప్రశ్నలన్నీ ముందే పుస్తకంలో వరస అంకెలు వేసి రాసుకో, రివర్స్ చేసేటప్పుడు ఆ కాగితం చూసి చదువు. కాగితం మీద ఉన్నది చదివితే నీకే భయమూ లేదు. మా దగ్గర అదే నేర్పారు.

నా గురించి రాయొద్దు. మీ నాన్న చెబితే ఏ కథైనా కాస్త ఒళ్ళు చేస్తుంది. ఇంకెవరైనా మంచి మనిషిని చూసుకో, దొరక్కపోరు.

జ్వరం తగ్గిందా లేదా రాయలేదు నువ్వు.

అత్తయ్య

*

న్యూస్‌రూమ్, మెట్ల కింద
బుధవారం

అత్తయ్యా,

నిన్న ఏడు గంటల బులెటిన్ చూశావా? చూడకపోయినా నాన్న ఈపాటికి వీధి వీధంతా చెప్పుకొచ్చుంటాడు. అందులో రెండో వార్త నాది. శిక్షణలో ఉన్న పిల్ల చేసిన వార్త ఏడింటి బులెటిన్‌లో రావడం ఈ మూడేళ్ళలో ఇదే మొదలట. సంతోషమో నీరసమో తెలియడం లేదు. నిన్న పొద్దుటి నుంచీ ఒక బన్ను ముక్క తప్ప తిన్నది లేదు.

బట్టలు కుట్టే కార్ఖానాలో మధ్యాహ్నం మంటలు లేచాయి. వెళ్ళాల్సిన రిపోర్టరుకి ఒంట్లో బాగాలేదు, గదిలో ఖాళీగా కనిపించింది నేనే. వెనక తలుపుకి తాళం వేసి ఉంది, పదకొండుమంది ఆడవాళ్ళు లోపల చిక్కుకుపోయారు. కిటికీ ఊచలు వంచి బయటికి లాగారు. ఎవరి ప్రాణానికీ ఏం కాలేదు గానీ ఇద్దరికి చేతులు కాలాయి. ఒకామె తన చేతుల వంక చూసుకుంటూ కుట్టు మిషను సంగతే అడుగుతోంది.

కాపలా మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాను. యాభై దాటినవాడు, ఖాకీ చొక్కాకి పై గుండీ ఊడిపోయింది. నీళ్ళిస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఎనిమిది ప్రశ్నలు, అన్నీ నువ్వు చెప్పినట్టే ముందే అంకెలు వేసి రాసుకున్నాను. అతను వెళ్ళిపోయాక వెలుతురు పోతోందని కెమెరా అన్న కంగారు పెడితే నాలుగు నిమిషాల్లో రివర్స్ పూర్తిచేశాను, కాగితం చూసి చకచకా చదివేశాను. ఇక్కడికొచ్చేసరికి ఆరు దాటింది. గడియారమే కూర్చుని అతికించాడు, నేను పక్కన వ్యాఖ్యానం రాసి చదివాను.

నువ్వు చూసి ఉంటే నీకు గుర్తుండే ఉంటుంది. "వెనక తలుపుకి తాళం వేసింది మీరేనా?" అని నేను. "అవునమ్మా, నేనే" అని అతను. స్టోరీ మొత్తం ఆ రెండు ముక్కల మీదే నిలబడిందన్నాడు గడియారం. అందరి ముందూ అన్నాడు. టీవీలో అది వస్తుంటే ఒక్క క్షణం మనసులో ఎక్కడో కలుక్కుమంది, ఏమిటో తెలియలేదు. అలసట అయ్యుంటుంది.

కోర్సు అయ్యాక ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ళ జాబితాలో నా పేరు పైకి జరిగిందట. నువ్వేమంటావో అని కాచుకుని కూర్చున్నాను.

నీ వసపిట్ట

*

ఇల్లు
శనివారం

వసపిట్టా,

చూశాను. రెండుసార్లు చూశాను, మళ్ళీ పదింటికి వేశారు కదా. నీ గొంతు బాగుంది. వాక్యం చివర జారిపోవడం లేదు. కాలిన చేతులని దగ్గరగా చూపించకుండా వదిలారు, అది నీ పనే అయితే మెచ్చుకుంటున్నాను.

ఒక సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. నాకు మొహాలు చదవడం రాదు, గొంతులు తెలుసు. ఆ "అవునమ్మా, నేనే" విను. బళ్ళో హాజరు పలికినట్టు పలికాడు. పదకొండుమందిని లోపల పెట్టి తాళం వేసినవాడు దాన్ని ఒప్పుకునేటప్పుడు అలా పలుకుతాడా? గ్లాసు పట్టుకోలేని మనిషి అన్నావు, ఆ ఒక్క జవాబులో వణుకే లేదు. అతన్ని అప్పుడు అడిగింది ఏదో చాలా సులువైన ప్రశ్న.

అసలు రికార్డింగు మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి విను. నేను పొరపడి ఉంటే చెవులు కూడా పోయాయని రాయి, ఏమీ అనుకోను.

అత్తయ్య

*

హాస్టలు
మంగళవారం

అత్తయ్యా,

నీ ఉత్తరం అందింది.

ఇక్కడ ఇరవైమంది ఉన్నారు, నలుగురికి పైగా చూసి ఆమోదిస్తే గానీ ఏదీ ప్రసారం కాదు. వాళ్ళెవరికీ రాని అనుమానం నీకొచ్చింది. నువ్వు మెచ్చుకుంటావని వారం రోజులు ఎదురుచూశాను. మీ కాలంలో స్టూడియోలో కూర్చుని తీరిగ్గా చదివేవాళ్ళు, ఇక్కడ పరుగులు పెడుతూ చేయాలి. అలిసిపోయాను, ఇప్పుడేమీ వినే ఓపిక లేదు.

గొంతు జాగ్రత్త.

*

హాస్టలు
మళ్ళీ మంగళవారం

అత్తయ్యా,

నువ్వు జవాబు రాయలేదు. మంచిపని చేశావు. రాసి ఉంటే ఇంకో నాలుగు పొగరు మాటలు రాసి ఉండేదాన్ని.

విన్నాను. మొన్న భోజనం వేళకి గదిలో ఎవరూ లేనప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్నాను.

నా పుస్తకంలో నాలుగో ప్రశ్న "వెనక తలుపుకి తాళం వేసింది మీరేనా" అనే ఉంది. కానీ ఆ ప్రశ్న నేను అతన్ని అడగలేదు అత్తయ్యా. అడగబోయాను. గ్లాసులో నీళ్ళు ఒంటి మీద ఒలకబోసుకుంటున్నాడు, చూసి నోరు రాలేదు. కాస్త తేరుకోనిద్దామని "మంటలు లేచినప్పుడు డ్యూటీలో ఉన్నది మీరేనా?" అన్నాను. "అవునమ్మా, నేనే. ఆరింటి నుంచీ నేనే" అన్నాడు. తాళం సంగతి తరువాత అతనే చెప్పాడు, అడక్కుండానే. వెనక తలుపు తాళంచెవి సూపర్‌వైజరు దగ్గరే ఉంటుందట, పని వేళలో ఎవరూ బయటికి పోకూడదని ఆయనే వేస్తాడట, తనకి ముందు గేటు తప్ప ఏదీ తెలియదట. ఆ ముక్క నిడివి ఎక్కువైందని గడియారం తీసేశాడు. ఖాళీ కుర్చీ ముందు నేను పుస్తకం తెరిచి ఒకటి నుంచి ఎనిమిది దాకా చదివేశాను. నాలుగో ప్రశ్నకి నాలుగో జవాబు అతికింది. అతని మీద జాలిపడి మార్చిన ప్రశ్నే చివరికి అతన్ని ముంచింది.

ఇంకా ఉంది. బులెటిన్ చూస్తుంటే ఎక్కడో కలుక్కుమంది, ఏమిటో తెలియలేదని నీకు రాశాను. అది అబద్ధం. నాకు ఆ క్షణంలోనే తెలుసు. నేనలా అడగలేదని తెలుసు. పక్కన అందరూ భుజం తడుతున్నారు. రేపు చూసుకుందాంలే అనుకున్నాను, తరువాత మర్చిపోవడానికి ప్రయత్నించాను, కొంచెం మర్చిపోయాను కూడా.

అతన్ని మర్నాడే పనిలోంచి తీసేశారు. నోటితో ఒప్పుకున్నాడు కదా అని మన వార్తనే చూపించారట. విచారణ నడుస్తోంది, అందులోనూ అదే సాక్ష్యం. సూపర్‌వైజరు ఎప్పటిలా పనిలోకి వస్తున్నాడు.

గడియారానికి చెప్పాను. తలెత్తకుండా విని, "ఎవరైనా అడిగారా?" అన్నాడు. లేదన్నాను. "మరి నువ్వెందుకు తవ్వుతావు? ఇది బయటపడితే ముందు పోయేది నీ పేరే" అన్నాడు. బెదిరింపుగా అనలేదు, పిల్లకి బుద్ధి చెప్పినట్టే అన్నాడు. ఇంకో సంగతి తెలిసింది. చోటు చాలక అసలు రికార్డింగులు ముప్ఫై రోజులు దాటగానే చెరిపేస్తారు. ఇప్పటికి పద్నాలుగు రోజులైంది. అది పోతే నా మాట తప్ప ఇంకేమీ మిగలదు.

నువ్వైతే కాగితం బల్ల మీద పెట్టి లేచి వచ్చేశావు. నాకా ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలియడం లేదు. ఎలా లేచావో చెప్పు. ఈసారైనా దాటవేయకు.

వసపిట్ట

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
గురువారం

వసపిట్టా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. మూడు కాగితాలు చింపాను.

ముందు నా తప్పు చెబుతాను. కాగితం చూసి చదవమన్నది నేను. అడిగిన ప్రశ్నని అడిగిన వెంటనే రాసుకోమని చెప్పాల్సింది. ముందే రాసుకున్నదాన్ని చదవమన్నాను. మా రేడియోలో కాగితమే దిక్కు, దాని మీద ఉన్నదే నిజం, అంతకుమించి మేం ఆలోచించేవాళ్ళం కాదు. నీకు పాత రోగమే అంటించాను.

రెండోది. నేను లేచి రాలేదు.

ఒక కాలనీలో పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. అక్కడి కాంపౌండరు ఇచ్చిన మందు వల్లనని మా దగ్గరికి వార్త వచ్చింది. కాగితం మీద సంతకం ఉంది, ముద్ర ఉంది. మధ్యాహ్నం చదివాను, సాయంత్రం చదివాను. కాంపౌండరు పేరూ వీధీ కూడా చదివాను, అందరూ మెచ్చుకునే గొంతుతో. నాలుగో రోజుకి తేలింది, మందు కాదు, తాగే నీళ్ళ గొట్టం పగిలి మురుగు కలిసిందని. సవరణ రాసిచ్చారు. పొద్దున ఆరు కావడానికి పది నిమిషాలుండగా వచ్చే చిన్న బులెటిన్‌లో పెట్టారు. అక్షరం పొల్లుపోకుండా చదివాను, కాస్త గబగబా చదివాను. చదివేశాను కదా, నా బాధ్యత తీరిందనుకుని టీ తాగాను.

వారం తరువాత ఆ కాంపౌండరు భార్య ఆఫీసుకొచ్చింది. నన్నే చూడాలందట. ఆమెకి నా మొహం తెలియదు, నేను "చెప్పండమ్మా" అనగానే గుర్తుపట్టింది. "తప్పని తేలాక మళ్ళీ చెబుతారని రోజంతా రేడియో పెట్టే ఉంచామండీ. మీరు ఎప్పుడు చెప్పారు?" అని అడిగింది. వేళ చెప్పాను. ఆమె, "ఆ వేళకి ఎవరు లేస్తారండీ" అంది. కోపంగా కూడా అనలేదు. వెళ్ళిపోయింది. వాళ్ళ తలుపు మీద ఎవరో బొగ్గుతో రాసిన రాతలు ఆ ఏడాదంతా ఉన్నాయని విన్నాను. వాళ్ళుండేది మా ఆఫీసుకి రెండు వీధుల అవతలే. నేనొక్కసారీ అటు వెళ్ళలేదు, వేరే దారిలో తిరిగేదాన్ని.

ఆ తరువాత ఇంకో ఆరేళ్ళు అదే కుర్చీలో కూర్చుని వార్తలు చదివాను. ఆఖరికి మానేసి ఇంటికొచ్చిన రోజు ఎందుకు మానేశావని మీ నాన్న అడిగితే, "కొన్ని చదవలేకపోయాను" అన్నాను. మిగతాదంతా వాడే అల్లుకున్నాడు. కాదని చెబుదామనుకుంటూనే ఉన్నాను. నువ్వు పుట్టావు, నడిచావు, ఆ కథ విని నా వంక గొప్పగా చూడటం మొదలుపెట్టావు. ఇక చెప్పడానికి మొహం చెల్లలేదు.

కాబట్టి ఎలా లేవాలో నన్నడగకు, నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. సవరణ వేస్తామని వాళ్ళు సులువుగానే ఒప్పుకోవచ్చు. ఎప్పుడు వేస్తారో అడుగు. తప్పు చెప్పిన వేళకే చెప్పాలి, చెప్పిన మనిషే చెప్పాలి, చెప్పినంత నిదానంగా చెప్పాలి. అంతకు తక్కువైతే వద్దను.

నీ ఉద్యోగం పోవచ్చు. అది మామూలు విషయమని నేననను, నేనే దానికోసం నోరు మూసుకున్నాను. చెయ్యమని కూడా చెప్పను, ఆ అర్హత నాకు లేదు.

అత్తయ్య

*

హాస్టలు
ఆదివారం

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాకు ఉన్న ఒక్క గొప్ప మనిషినీ తీసేసుకున్నావని. తరువాత ఆలోచిస్తే, నువ్వు నిజంగానే లేచి వచ్చిన మనిషివైతే నేను ఈ ఉత్తరాలన్నీ నీకు రాయగలిగేదాన్ని కాదనిపించింది. ఇప్పుడు కోపం లేదు, నీరసమే.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. కాగితం మీద పెట్టి పైవాళ్ళకిచ్చాను. కెమెరా అన్నని సాక్షిగా సంతకం పెట్టమంటే, "ఇంట్లో ఇద్దరు పిల్లలు, నా పేరు వద్దు" అన్నాడు. కానీ అసలు రికార్డింగు ఇంకో చోట దాచిపెట్టింది అతనే, అడక్కుండానే. ఎక్కడుందో ఒక చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నలుగురు కూర్చున్న గదిలోకి పిలిచారు. మొదట వెబ్‌సైట్‌లో ఒక వాక్యం వేస్తామన్నారు. వద్దన్నాను. పొద్దున పదకొండింటి బులెటిన్‌లో అన్నారు. వద్దన్నాను. నీ కాంపౌండరు భార్య మాటే పైకి అనేశాను, ఆ వేళకి ఎవరు చూస్తారండీ అని. గడియారం అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు. సూపర్‌వైజరు గురించి కాపలా మనిషి చెప్పిన ముక్క తీసేసింది ఆయనే కదా, అది నేనెక్కడ ఎత్తుతానో అని ఆయన భయం. ఎత్తాను. ఆయన కాదనలేదు, తల దించుకున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు.

ఆఖరికి ఒప్పందమేమిటంటే, ఏడింటి బులెటిన్‌లోనే వేస్తారు. నేనే చదవాలి. కాపలా మనిషి తాళం గురించి చెప్పిన ముక్క కూడా వేస్తారు. కానీ తప్పు పూర్తిగా నాదేనని, శిక్షణలో ఉన్న మనిషి అజాగ్రత్తని నేను రాసివ్వాలి, ఆ రోజుతో నా శిక్షణ ముగిసినట్టే. పూర్తిగా నాది కాదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. కానీ ఆ ప్రశ్న అడిగిన నోరు నాది. సంతకం పెట్టేశాను. పెన్ను కూడా వాళ్ళదే.

మంగళవారం ఏడింటికి చూడు. నాన్నకి నేనింకా చెప్పలేదు.

వసపిట్ట

*

ఇల్లు
మంగళవారం, ఎనిమిది గంటలు

వసపిట్టా,

చూశాను. మీ నాన్న కూడా ఇక్కడికే వచ్చి చూశాడు. ఇరవై ఆరు సెకన్లు, ఆ తరువాత అతని ముక్క. "నేను అతన్ని ఆ ప్రశ్న అడగలేదు" అన్నచోట నీ గొంతు జీరబోయింది. ఆపి సర్దుకోకుండా చదువుకుంటూ పోయావు, అదే సరి.

బులెటిన్ అయ్యాక మీ నాన్నకి నా కథ కూడా చెప్పాను, ఈ తుప్పు గొంతుతోనే. వాడు అన్నది ఒక్కటే, "ఇన్నేళ్ళూ ఎలా మోశావక్కా" అని.

ఆ కాపలా మనిషి చూశాడో లేదో నీకు తెలుసా? తెలియకపోతే వెళ్ళి కనుక్కో. నాలాగా వేరే దారిలో తిరగకు.

అత్తయ్య

*

హాస్టలు, సామాను మధ్య
శుక్రవారం

అత్తయ్యా,

నిన్న వెళ్ళాను. రెండు బస్సులు మారి, ఆపైన నడక. కార్ఖానాలో ఎవరూ అడ్రసు చెప్పలేదు, ఎదుటి టీ కొట్టతను చెప్పాడు. మేడ మీద ఒకే గది. తలుపు పక్క మేకుకి ఖాకీ చొక్కా ఉతికి తగిలించి ఉంది. గుండీ కుట్టుకున్నాడు.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. పొమ్మంటాడేమో అనుకున్నాను. కూర్చోమని ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తను మంచం అంచున కూర్చున్నాడు. మంగళవారం చూడలేదట. ఆ ఇంట్లో టీవీ లేదు. కింది వాటావాళ్ళు వచ్చి చెప్పారట, మీ మీద నింద పోయిందని. విచారణవాళ్ళు అసలు రికార్డింగు తెప్పించుకున్నారు, సూపర్‌వైజరుని పిలిచారు. పని మాత్రం తిరిగి ఇవ్వలేదు. అడుగుదామన్నాను. "ఆ గేటు దగ్గర మళ్ళీ నిలబడాలని లేదమ్మా" అన్నాడు.

క్షమించమని అడిగాను. ఏడ్చాను, దాచి ఏం లాభం. అదంతా అయ్యాక అతను మెల్లగా అడిగాడు.

"నేను లేచి వెళ్ళిపోయాక నా కుర్చీని ఏమడిగావమ్మా? వాళ్ళూ వీళ్ళూ చెప్పడమే గానీ, నేను వినలేదు."

ఎలా చెప్పను అత్తయ్యా? ఏడింటి బులెటిన్‌లో అంతమంది ముందు చదివినదాన్ని, ఆ గదిలో ఒక్క మనిషి ముందు అనడానికి ప్రాణం పోయినంత పనైంది. కానీ అడిగాడు కదా. అతని మొహంలోకి చూసి అడిగాను.

"వెనక తలుపుకి తాళం వేసింది మీరేనా?"

తన చేతుల వైపు చూసుకున్నాడు. వణకడం లేదు.

"కాదమ్మా," అన్నాడు. "నేను కాదు."

ఆ ప్రశ్నకి అతను నాకు జవాబు చెప్పడం అదే మొదటిసారి. నా దగ్గర కెమెరా లేదు. సంచిలోంచి పుస్తకం తీసి అక్కడే రాసుకున్నాను, ముందు నేను అడిగింది, తరువాత అతను చెప్పింది. చదివి వినిపించమన్నాడు, వినిపించాను. సరిగ్గానే ఉందన్నాడు.

సోమవారం మధ్యాహ్నం బండికి బయలుదేరుతున్నాను. మీ ఇంటికే వస్తాను, నాన్నకి చెప్పు. వచ్చాక ఇద్దరం కలిసి ఆ రెండు వీధుల అవతలికి వెళ్దాం, ఆమె ఇంకా అక్కడే ఉంటే. నీ గొంతు ఎలా ఉన్నా సరే, మాట్లాడాల్సింది నువ్వే.

నీ వసపిట్ట